మందు కొట్టకూడని మడి

ఆమె చెయ్యి పడిన పొలం దువ్వి పాపిడి తీసిన తలలా ఉండేది. సాళ్ళలో ఒక్క మొక్క పక్కకు తొలగేది కాదు. గట్టు మీద గడ్డి కూడా ఆమెను అడిగి మొలిచినట్టే ఉండేది. అది చూసి ఆమె తోటికోడలు ఒకసారి సరదాగా "దువ్వెనక్కా" అని పిలిచింది. ఆ పిలుపు ఎంత బాగా అతికిందంటే, చిన్నాపెద్దా అందరూ అదే అందుకున్నారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఆసుపత్రి చీటీల మీద తప్ప ఇంకెక్కడా పనికిరాకుండా పోయింది.

పొలమే కాదు, ఇల్లూ అంతే. గుమ్మం పక్కన చెప్పులు జతలు జతలుగా గోడకు ముఖం పెట్టి నిలబడేవి. తువ్వాళ్ళన్నీ ఒకే కొలతకు మడత పడేవి. ఇంత శుభ్రమైన మనిషికి దేవుడు ఎవరిని జత చేశాడయ్యా అంటే, లారీలు బాగుచేసే మెకానిక్కుని. ఆయన పట్టుకున్న ప్రతి తలుపు మీదా నల్లటి గ్రీజు వేళ్ళు పడేవి. ఆయన ముందు నడిచేవాడు, ఆమె వెనకాల తడిగుడ్డ పట్టుకుని నడిచేది. పెళ్ళయిన నాటి నుంచీ ఆ ఇంట్లో ఇదే ఊరేగింపు.

ఈ శుభ్రం పిచ్చి తనకు ఎక్కడ పట్టుకుందో ఆమెకు బాగా తెలుసు. చిన్నప్పుడు బడిలో ఫోటో తీసే రోజున ఆమె గౌను ముందు భాగంలో పెద్ద మరక ఉంది. టీచరు తిట్టలేదు. భుజం పట్టుకుని మెల్లగా వెనక వరుసలోకి, ఒక పొడుగు పిల్ల చాటుకు జరిపింది. ఆ ఫోటోలో ఆమె నుదురు, ఒక కన్ను మాత్రమే పడ్డాయి. కొందరిని చిన్నతనంలో కుక్క కరుస్తుంది, ఇక బతికినంతకాలం కుక్క కనబడితే పక్కకు తప్పుకుంటారు. ఈమెను కరిచింది సిగ్గు. తనదన్నది ఏదైనా నలుగురి కళ్ళ ముందు మాసి కనిపించిందంటే ఆమె ప్రాణం చివుక్కుమనేది.

తోటికోడలు తీరు పూర్తిగా వేరు. ఆమె ఇంట్లో కత్తెర కావాలంటే సగం పూట వెతకాలి, దొరికాక ఎందుకు వెతికామో గుర్తు తెచ్చుకోవాలి. నవ్వును మాత్రం ఎప్పుడూ చేతికందే చోటే ఉంచుకునేది. కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఆమెకు పైరేదో కలుపేదో తెలియదు. పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ నేర్పింది దువ్వెనక్కే. అన్నదమ్ములు భాగాలు పంచుకున్నప్పుడు బండిదారికి అటు పొలం ఒకరికి, ఇటు పొలం ఒకరికి వచ్చింది. విత్తు దగ్గర నుంచి కోత దాకా తోటికోడలు ఆ దారి దాటి వచ్చి, "అక్కా, ఇప్పుడేం చెయ్యను?" అని అడగకుండా ఒక్క పైరూ ఇంటికి చేరలేదు. ఆమె మొగుడు, అంటే మన దువ్వెనక్క మరిది, కాటా దగ్గర ధాన్యం తూచే పనిలో ఉండేవాడు. పొలం సంగతి పెళ్ళానికి వదిలేసి, మాటలనే హక్కు ఒక్కటి తన దగ్గర ఉంచుకున్న మనిషి.

అక్కడి రైతులంతా వేసేది సోయా. సోయాకు కొన్నేళ్ళుగా పట్టిన పీడ తుప్పు తెగులు. అది ఎప్పుడు వచ్చిందో ఎవరికీ తెలిసేది కాదు, పంట పోయాక తెలిసేది. ఇలా కాదని రైతుల సంఘం వాళ్ళు వ్యవసాయ కేంద్రం నుంచి ఒకావిడను పిలిపించారు. అందరూ ఆవిడను మొక్కల డాక్టరమ్మ అనేవారు. సంఘం గదిలో బల్ల మీద ఒక జబ్బు ఆకు పెట్టి, భూతద్దం ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి ఇస్తూ ఆవిడ విషయం చెప్పింది.

ఈ బూజు నేలలో దాక్కోదు, విత్తనంతో రాదు, పచ్చి ఆకు లేనిదే బతకదు. ఎక్కడో దూరపు చేలలో తయారైన దాని పొడి గాలి మీద ఎగిరి వస్తుంది. ఆకు మీద వాలిన రేణువుకు ఒక పూట తడి దొరికితే చాలు, మొలకెత్తుతుంది. ఆకుకు ఊపిరాడే సన్నటి రంధ్రాలుంటాయి. ఇలాంటి తెగుళ్ళు చాలావరకు వాటిలోంచి దూరతాయి. దీనికి అంత ఓపిక లేదు, ఆకు చర్మాన్నే పొడుచుకుని లోపలికి పోతుంది. వారం దాటేదాకా పైకి ఏమీ కనబడదు. తర్వాత సూదిమొనంత మచ్చ. ఆకు తిప్పి చూస్తే అడుగున చిన్న పొక్కు, పొక్కు నెత్తిన రంధ్రం, అందులోంచి గోధుమరంగు పొడి. ఒక్కో పొక్కు వారాల తరబడి ఆ పొడిని చిమ్ముతూనే ఉంటుంది. ఎండ తగలని, తడి ఆరని అడుగాకుల్లో మొదలై మెల్లగా పైపైకి ఎక్కుతుంది. మొదట్లోనే పట్టుకుంటే మందుకు లొంగుతుంది. నెత్తికెక్కాక పీపాలతో పోసినా వృథా. ఆకులు పండి రాలిపోతాయి, కాయలో గింజ ఊరదు.

దీన్ని మొదట్లోనే పట్టుకోవడానికి ఆవిడ చెప్పిన ఉపాయం కాపలా మడి. అందరికంటే ముందుగా ఒక చిన్న మడిలో సోయా వేయాలి. అది అందరికంటే ముందు పూస్తుంది, గాలిలో తెగులుంటే అందరికంటే ముందు అంటించుకుంటుంది. దాన్ని చూసి మిగతావాళ్ళు మందు కొట్టుకోవాలి. "ఈ మడి బాగుండాలని మనం కోరుకోకూడదు. జబ్బు పడటమే దాని పని. అందుకని దీనికి ఏ తెగులు మందూ కొట్టకూడదు, ఒక్క చుక్క కూడా," అని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది.

మడి ఎవరికప్పగిద్దాం అన్న ప్రశ్న వచ్చేసరికి గదిలో తలలన్నీ ఒకే వైపు తిరిగాయి. ఆకు మీద చీమ తుమ్మినా కనిపెట్టే మనిషి ఇంకెవరున్నారని? దువ్వెనక్క మొహం వెలిగిపోయింది. డాక్టరమ్మ చెప్పిన నియమం ఆమె చెవులతో విన్నది గానీ, చేతులకు చెప్పుకోలేదు.

మడికి స్థలం కాటా యార్డు ఎదురుగా, దారి మలుపులో ఇచ్చారు. ట్రాక్టర్లు, సైకిళ్ళు, బడి పిల్లలు, ఎవరు ఎటు పోవాలన్నా దాని ముందు నుంచే పోవాలి. వారం వారం ఆమె అందులోకి వంగి దూరి, అడుగాకులు కోసి, భూతద్దం పెట్టి చూడాలి. అనుమానం ఉన్న ఆకును తడి కాగితంతో పాటు పాలిథిన్ సంచిలో మూసి మర్నాటి దాకా ఉంచాలి. తుప్పయితే ఆ తడికి పొక్కులు విచ్చుకుని పొడి కక్కుతాయి. అప్పుడు సంఘం గది మీద ఎర్రగుడ్డ కట్టించాలి. పని ఇంతే.

ఆ ఏడు తోటికోడలు తన పొలం మొత్తం సోయాయే వేసింది. అంతకుముందు ఎప్పుడూ అంత ధైర్యం చేయలేదు. కాపలా మడి దువ్వెనక్క చేతిలో ఉందన్నదే ఆ ధైర్యం. విత్తనాలు పడ్డ సాయంత్రం ఆమె దారి దాటి వచ్చి, "నా నడుము సంగతి నీకు తెలుసుగా అక్కా, వంగి వంగి ఆకులు తిప్పడం నా వల్ల కాదు. నువ్వు కొట్టమన్న రోజు కొడతాను," అంది. దువ్వెనక్క నవ్వి, "నీ పొలం నాకొదిలెయ్," అంది.

వానలు మొదలయ్యాయి. కాపలా మడి మోకాలెత్తు పెరిగి, అందరికంటే ముందు పూతకొచ్చింది. ఆ తడికి అడుగాకుల మీద గోధుమరంగు మచ్చలు పడ్డాయి. చుట్టూ పసుపు తిరిగి ఆకులు ఒక్కొక్కటే పండుతున్నాయి. ఆమె భూతద్దం పెట్టి చూసింది. మచ్చలు చదునుగా ఉన్నాయి, అడుగున పొక్కులు లేవు. సంచిలో పెట్టి చూసింది, పొడి రాలేదు. అది మామూలు మచ్చ తెగులు, ప్రతి వానాకాలం వచ్చేదే. సంఘం గదికి వెళ్ళి తుప్పు లేదని చెప్పి వచ్చింది. అప్పటివరకు ఆమె తప్పేమీ లేదు.

తప్పు లేకపోయినా తల ఎత్తుకోలేకపోయింది. ఆమె సొంత పొలానికి తెగులు కనబడితే తెల్లారేసరికి మందు పడేది. ఇక్కడేమో దారిన పోయే ప్రతివాడి ముందూ ఆమె మడి మచ్చలేసుకుని నిలబడింది. ట్రాక్టరు నడిపే అతను బండి ఆపి మరీ, "ఏంటి దువ్వెనక్కా, దువ్వెన పళ్ళూడాయా?" అని అడిగాడు. అతను సరదాకే అన్నాడు. కాటా దగ్గర నలుగురు నవ్వింది కూడా సరదాకే. ఆమె మాత్రం ఇంటికి వెళ్ళి అన్నం తినలేదు. మెకానిక్కు ఆశ్చర్యపోయాడు. జబ్బు పడటం ఆ మడి ఉద్యోగమైతే, అది ఉద్యోగం బాగా చేస్తుంటే, మధ్యలో నీకెందుకు సిగ్గు అన్నాడు. ఆయన మాట నూటికి నూరు పాళ్ళు నిజం. అందుకే ఆమెకు ఇంకా కోపమొచ్చింది.

అప్పుడే కబురొచ్చింది. వేరే సంఘాల పెద్దలు కాపలా మడి చూడటానికి వస్తున్నారట, మడి ముందు అందరినీ నిలబెట్టి ఫోటో కూడా తీస్తారట.

ఆ కబురు విన్న క్షణం నుంచి ఆమె మనసు ఆమె చేతిలో లేదు. తనలో తనే వాదులాడుకుంది. ఇవి తుప్పు మచ్చలు కావు కదా, డాక్టరమ్మకు కావాల్సింది తుప్పు సంగతి కదా, మామూలు మచ్చలకు మందు కొడితే ఎవరికేం నష్టం? తన దగ్గరున్న మందు సీసా మీద మచ్చ తెగులు, తుప్పు తెగులు, రెండు పేర్లూ పక్కపక్కనే ఉన్నాయి. ఆమెకు చదువు వచ్చు. ఆ రెండో పేరు మీద ఆమె బొటనవేలు ఉంచింది.

మధ్యాహ్నం కాటా యార్డు వాళ్ళు భోజనాలకు వెళ్ళిన వేళ చూసి, పంపు వీపున తగిలించుకుని మడిలో దిగింది. ఏ పనీ సగం చేసే అలవాటు లేదు కదా, మోకాళ్ళ మీద కూర్చుని, పంపు గొట్టం ముక్కు పైకి తిప్పి అడుగాకుల అడుగున కూడా తడిసేలా కొట్టింది. పండాకులన్నీ ఏరి గోనెలో వేసుకుని ఇంటికి తెచ్చి కాల్చేసింది. నిజం చెప్పాలంటే, ఇన్నేళ్ళ సేద్యంలో ఆమె అంత చక్కగా మందు కొట్టిన రోజు ఇంకోటి లేదు.

ఫోటో రోజుకు మడి కళకళలాడింది. పెద్దలు ఆకులు నిమిరి మెచ్చుకున్నారు. ఆమెను ముందు వరుసలో, సరిగ్గా మధ్యలో నిలబెట్టారు. ఆమెకు చాలా సంతోషం కలిగింది. ఆ సంతోషంలో కల్తీ ఏమీ లేదు, దాచడం ఎందుకు.

తర్వాత కూడా వారం వారం ఆమె మడిలో దూరింది, వంగింది, ఆకులు తిప్పింది, ఏమీ కనబడలేదు. కనబడలేదనే చెప్పింది. కళ్ళకు గంతలు కట్టిన కాపలావాణ్ణి దొంగ వచ్చాడా అని అడిగితే అతనూ అదే చెబుతాడు. మందు పలచబడి మళ్ళీ ఒకటీ అరా మచ్చలు తేలేసరికి రెండోసారి కొట్టింది. మొదటిసారి పడ్డంత మథనం రెండోసారి పడలేదు.

మబ్బు విడవని వారాలవి. పొద్దెక్కినా ఆకుల మీద తడి ఆరేది కాదు. ఒక ఉదయం తోటికోడలు దారి దాటి వచ్చింది. చేలో అడుగాకులు పండుతున్నాయక్కా అంది. దువ్వెనక్క వెళ్ళి చూడాల్సింది, గట్టు దాకా వెళ్ళింది కూడా. వంగి ఆకు తిప్పితే ఏం కనబడుతుందోనన్న భయంతో, గట్టు మీదే నిలబడిపోయింది. కమ్ముకున్న చేలో ఎండ తగలక అడుగాకులు పండటం మామూలే, కాపలా మడి పచ్చగానే ఉంది కదా, కంగారు పడకు అని చెప్పింది. తోటికోడలు తేలికపడి నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

తర్వాత వారానికి ఆ చేలో నడిచి వచ్చినవాళ్ళ బట్టలకు గోధుమరంగు పొడి అంటుకోవడం మొదలైంది. డాక్టరమ్మ వచ్చి ఆకు తిప్పి చూసి, సంచిలో పెట్టాల్సిన పని కూడా లేదంది. అప్పటికి తెగులు నడుము దాటి నెత్తికెక్కింది. చుట్టుపక్కల అందరి పొలాల్లోనూ ఉంది. కాపలా మడి పచ్చగా ఉందన్న ధీమాతో ఎవరూ సమయానికి మందు కొట్టలేదు. ఆలస్యంగా విత్తినవాళ్ళు కొంత కాపాడుకున్నారు. అందరికంటే ఎక్కువ పోయింది తోటికోడలికి. ఆకులన్నీ రాలి కాడలు మిగిలాయి, కాడలకు వేలాడే కాయలు నొక్కితే గాలి తప్ప ఏమీ తగల్లేదు.

సంఘం గదిలో అందరూ కూర్చున్నారు. డాక్టరమ్మకు ఒక్కటే అంతుపట్టలేదు. గాలి అన్ని పొలాలకూ పొడి మోసుకొచ్చి, పక్కనే ఉన్న ఈ ఒక్క మడిని వదిలేసి ఎలా పోయింది? ఆవిడ దువ్వెనక్క వైపు తిరిగి, మామూలుగానే, ఏ నిందా లేకుండా అడిగింది.

"మడి మీద పొరపాటునైనా మందేమైనా పడిందా అండీ?"

"పడలేదు."

ఆ మాట ఆమె నోట్లోంచి ఎంత సాఫీగా వచ్చిందంటే, ఆమెకే ఆశ్చర్యమేసింది. పొరపాటున పడలేదు, నిజమే, కావాలనే కొట్టింది. ఇంటికి నడుస్తున్నంత సేపూ తన గొంతు తనకే వినబడుతూ వచ్చింది. చేతులు కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. ఆ ఇంట్లో మరక పడితే తుడవడానికి గుడ్డ ఎప్పుడూ ఉండేది, దీన్ని మాత్రం దేనితో తుడవాలో తెలియలేదు.

ఇక్కడితో ఆగినా బాగుండేది. మరిదికి పంట పోయిన బాధంతా మాటల్లోకి దిగింది. కాటా యార్డులో, సంచులు మోసేవాళ్ళ ముందు, పెళ్ళాన్ని నిలబెట్టి కడిగేశాడు. ఆకు తిప్పి చూడటానికి నీకేం రోగం, వదిన మడి చూడు, నీ పొలం చూడు, ఆవిడా ఆడమనిషే నువ్వూ ఆడమనిషివే అన్నాడు. తోటికోడలు తల వంచుకుని నిలబడింది తప్ప ఒక్క మాట తిరిగి అనలేదు. ఎదురు మడిలో ఉన్న దువ్వెనక్కకు అంతా వినబడింది. తేలు కుట్టిన దొంగలా మొక్కల మధ్య కూర్చుండిపోయింది. వెళ్ళి అడ్డుపడాలని లేవబోయింది. లేస్తే ఎందుకు లేచావని అడుగుతారని మళ్ళీ కూర్చుంది. బతుకులో అంత సిగ్గు ఆమె ఎన్నడూ పడలేదు. అయినా నోరు పెగల్లేదు. సిగ్గు మనిషి చేత తప్పు చేయించడం, ఆ తప్పును దాయించడం, రెండు పనులూ ఎంత తేలిగ్గా చేసిందో చూడండి.

తోటికోడలు దారి దాటి రావడం మానేసింది. ఎదురుపడితే బాగున్నావా అంటే బాగున్నాను అనేది, అంతే.

ఇంతలో ఇంకో వింత మొదలైంది. సంఘంలో ఒక పెద్దమనిషికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. అన్నిటికీ సోకి దీనికి సోకలేదంటే, ఈ మొక్కల్లోనే ఏదో బలం ఉంది, ఇది తుప్పు పట్టని సోయా అన్నాడు. అక్కడి నుంచి ఆ మాటకు రెక్కలొచ్చాయి. పరీక్ష చేయకుండా ఏమీ చెప్పలేమని డాక్టరమ్మ నెత్తీనోరూ కొట్టుకుంది గానీ, నష్టపోయినవాళ్ళకు ఆశ కావాలి, పరీక్ష కాదు. కాపలా మడి గింజలు తలా కొంచెం పంచుకుని, వచ్చే పంటకు అదే విత్తుదామని, ఇక మందుల గొడవే ఉండదని తీర్మానించేశారు. దువ్వెనక్క వద్దంటే వద్దంది. ఆవిడకు గొప్పలు గిట్టవు కదా అని ఇంకా మెచ్చుకున్నారు. మరిది ఇంటికొచ్చి, వదినా ముందు మాకు, మేమే ఎక్కువ పోగొట్టుకున్నాం, ఈసారి మా పొలంలో నీ గింజే విత్తుతాను అని చెప్పి వెళ్ళాడు.

ఆ మాటతో ఆమెకు దారులన్నీ మూసుకుపోయాయి. ఇప్పటిదాకా పోయింది ఒక పంట. ఆ గింజలు నమ్మి మందు లేకుండా కూర్చుంటే మళ్ళీ పోతుంది, అదే పొలంలో, అదే మనిషికి. ఆ గింజను ఆమె తన చేత్తోనే ఇవ్వాలి.

గింజలు పంచే రోజు ఉదయం ఆమె దారి దాటింది. ఇన్నేళ్ళలో తోటికోడలే ఇటు వచ్చింది గానీ, తను అటు వెళ్ళిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. తోటికోడలు పాకలో నేల మీద కూర్చుని, ఎండిన సోయా కాయలు వలుస్తోంది. చేటలో పడ్డ గింజలు ముడుచుకుపోయి మిరియపు గింజలంత ఉన్నాయి. అక్కను చూసి పీట ముందుకు జరిపింది. దువ్వెనక్క కూర్చోలేదు. దారంతా కూడగట్టుకున్న మాటలు ఎటో పోయాయి.

"నా మడికి మందు కొట్టాను," అంది. "రెండుసార్లు కొట్టాను. అందరూ చూస్తున్నారని, నలుగురిలో పరువు పోతుందని కొట్టాను. నీ పంట పోవడానికి కారణం నేనే."

తోటికోడలు కాయ వలవడం ఆపలేదు.

"తెలుసక్కా," అంది.

దువ్వెనక్క పాక గుంజ పట్టుకుంది.

"మొదటిసారి కొట్టిన రోజే చూశాను. అటు గట్టు మీదున్నాను. మోకాళ్ళ మీద కూర్చుని అడుగాకులక్కూడా కొడుతున్నావు."

"చూశావు కదా, మరి నీ పొలానికెందుకు కొట్టుకోలేదే?"

తోటికోడలు అప్పుడు తలెత్తి చూసింది. ఆ కళ్ళలో కోపం ఉంటే బాగుండునని దువ్వెనక్కకు అనిపించింది. లేదు.

"నీకు తుప్పు కనబడుంటే నాకు చెప్పకుండా ఉంటావా అనుకున్నాను. ఏదో పురుక్కి కొడుతున్నావులే అనుకున్నాను."

దువ్వెనక్కకు ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా ముఖం చెల్లలేదు. అవతలి మనిషి తన కళ్ళతో చూసినదాన్ని పక్కనబెట్టి తన మాటను నమ్మింది. ఆ నమ్మకం మీద తను గట్టు దాకా వెళ్ళి, ఆకు కూడా తిప్పకుండా, కంగారు పడకు అని చెప్పి వచ్చింది. చివరికి ఎలాగో అడిగింది.

"మీ ఆయన అందరి ముందూ అన్నేసి మాటలంటుంటే చెప్పలేదేం?"

"నేను చెప్తే నిన్ను పట్టించినట్టుంటుంది. నువ్వు చెప్తే వేరు. ఇవాళ చెప్తుంది, రేపు చెప్తుంది అని చూశాను." ఇంకో కాయ చేతిలోకి తీసుకుంది. "అందుకే మీ ఇంటికి రావడం మానేశాను. వస్తే నేనే అడిగేస్తానని."

దువ్వెనక్క కాటాకు వెళ్తున్నానంది, తోడు రమ్మని అడగబోయి ఆ మాట మింగేసింది. తోటికోడలు చేట పక్కన పెట్టి లేచింది. నువ్వు నడువు, నేను వెనకాల వస్తాను అంది.

కాటా యార్డులో టార్పాలిన్ మీద కాపలా మడి గింజలు కుప్పపోసి ఉన్నాయి. బొద్దుగా, నున్నగా, ఒక్క తాలు గింజ లేకుండా ఉన్నాయి. అప్పటికే సగం మంది సంచులు నింపుకున్నారు. మరిది వాళ్ళకు తూచి ఇచ్చి, తన సంచికి మూతి కడుతున్నాడు. డాక్టరమ్మ కూడా వచ్చింది, పరీక్షకని గుప్పెడు గింజలు కవరులో వేసుకుంటోంది. దువ్వెనక్క కుప్ప పక్కన నిలబడింది.

"ఈ గింజలు ఎవరూ విత్తకండి. వీటిలో ఏ గొప్పా లేదు. మడికి నేను మందు కొట్టాను, రెండుసార్లు. డాక్టరమ్మ అడిగితే అబద్ధం చెప్పాను. మీరంతా నా మడిని చూసి ఆగారు, పంటలు పోయాయి. మా తోటికోడలు తప్పేం లేదు. ఆకులు పండుతున్నాయని తను వచ్చి చెప్తే, ఏం కాదన్నది నేనే."

ఆమె తిట్లకు సిద్ధపడి వచ్చింది, తిడితే కొంత బరువు దిగేది. డాక్టరమ్మ కవరులోని గింజలు మెల్లగా కుప్పలోకి వంపేసింది. అది చూసి పక్కన ఉన్న రైతు తన సంచి ముడి విప్పి కుప్ప మీద దిమ్మరించాడు. తర్వాత ఇంకొకరు. సంచి తర్వాత సంచి, గింజలు జారే చప్పుడు తప్ప యార్డులో ఇంకేమీ వినబడలేదు. దువ్వెనక్క ఆ కుప్ప పక్కనే నిలబడి ఉంది.

మరిది వదిన వైపు చూడలేదు. కొంచెం దూరంగా నిలబడ్డ పెళ్ళాం వైపు చూశాడు.

"నీకు ముందే తెలుసా?"

తోటికోడలు తెలుసన్నట్టు తలూపింది. మొన్న ఇదే చోట ఆమెను నిలబెట్టి అన్న మాటలు అతనికి గుర్తొచ్చి ఉండాలి, మొహం కందిపోయింది. కట్టిన మూతి విప్పి, తన సంచి కూడా బోర్లించేశాడు.

కుప్ప మళ్ళీ మొత్తంగా దువ్వెనక్కదే అయింది. జనం ఖాళీ సంచులు చంకన పెట్టుకుని ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. తోటికోడలి చేతిలో మాత్రం సంచి లేదు. ఆ గింజలు తనకు కావాలని ఆమె ఎన్నడూ అడగలేదన్న సంగతి దువ్వెనక్కకు అప్పుడు తట్టింది.